విదేశాల్లో జీతాలు చెల్లించే సేవ: పీణ్య నుంచి ఒక సమీక్ష

బెంగళూరు పీణ్య పారిశ్రామిక వాడలో ఆహార పదార్థాల ప్యాకింగ్ యంత్రాలు తయారు చేసే ఒక మధ్యతరహా సంస్థలో సిబ్బంది వ్యవహారాలు, జీతభత్యాలు చూసే బాధ్యత నాది. యాజమాన్యం అనంతపురం జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. కార్మికుల్లోనూ ఇంజనీర్లలోనూ తెలుగువారు చాలామంది ఉన్నారు. యంత్రం కొన్నవారు అది చెడిపోతే వెంటనే వచ్చి చూసే మనిషి తమ ఊళ్లోనే ఉండాలని పట్టుబట్టడంతో, మొదట జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లోనూ తర్వాత దుబాయ్‌లోనూ ఉద్యోగులను పెట్టుకోవలసి వచ్చింది. అక్కడ మాకు సొంత కంపెనీ లేదు. ఇలాంటి పరిస్థితిలో ఉన్న వ్యాపారుల కోసం ఒక సేవ ఉంది: ఆ దేశంలో రిజిస్టరై ఉన్న సంస్థ మనం ఎంచుకున్న మనిషిని కాగితం మీద తన ఉద్యోగిగా చేర్చుకుని, అక్కడి చట్టం ప్రకారం జీతం, పన్ను, బీమా అన్నీ చెల్లించి, ఆ ఖర్చుకు తన రుసుము కలిపి మనకు నెలనెలా బిల్లు పంపుతుంది. దీన్ని ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్ సేవ అంటారు. కోరమంగలలో కార్యాలయం ఉన్న అలాంటి ఒక సంస్థ ద్వారా మేము ఈ రెండు దేశాల్లో జీతాలు చెల్లిస్తున్నాము. లోపాలు కూడా రాస్తున్నాను కనుక సంస్థ పేరు చెప్పడం లేదు; సేవ ఎలా ఉంటుందో తెలిస్తే, మీరు ఎవరితో మాట్లాడినా ఏం అడగాలో తెలుస్తుంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. జీతాల లెక్కలో వీరి పని నిక్కచ్చిగా ఉంది, గడువు తప్పిన నెల లేదు. అదనపు రుసుము తీసుకుని అమ్మే ‘సాంస్కృతిక అవగాహన’ శిక్షణ మాత్రం ఆ డబ్బుకు తగినది కాదు. నా ప్రధాన అభ్యంతరం ఏమిటంటే, వారు ఈ రెంటినీ సంబంధం లేని రెండు సరుకులుగా చూస్తున్నారు. ఒక దేశం పనిని, సెలవును, కుటుంబాన్ని, పండుగను, మతాన్ని ఎలా చూస్తుందో తెలుసుకోవడానికి అక్కడి జీతం చీటీకి మించిన పాఠం లేదు. ఆ చీటీని వరుస వరుసగా వివరించగలిగిన మనుషులు వీరి జీతాల విభాగంలోనే కూర్చుని ఉన్నారు.

మొదటి ఉదాహరణ సీటీసీ, అంటే ఒక ఉద్యోగి మీద సంస్థ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. మన దగ్గర ఉద్యోగం ఇస్తామని చెప్పేటప్పుడు యజమాని వాటా పీఎఫ్, ఒక్కోసారి గ్రాట్యుటీ కూడా కలిపి సంవత్సరానికి ఇంత అని పెద్ద అంకె చెప్పడం అలవాటు. జర్మనీలో జీతం మాట్లాడుకునేటప్పుడు చెప్పేది ఉద్యోగి స్థూల జీతం, అంటే కోతలకు ముందు జీతం మాత్రమే. పెన్షన్, ఆరోగ్యం, నిరుద్యోగం, వృద్ధాప్య సంరక్షణ బీమాల్లో యజమాని వాటా దాని పైన వేరుగా ఉంటుంది. 60 వేల యూరోల వార్షిక జీతానికి ఆ వాటా 12 వేల యూరోలు దాటుతుంది. మా యాజమాన్యం మొత్తం బడ్జెట్ అంకెనే ఆఫర్ లెటర్‌లో రాయమని అడిగినప్పుడు, ఈ సంస్థ దాన్ని అలాగే పంపకుండా ఆపి, రెండు అంకెలనూ విడదీసి చూపించి, అక్కడి అభ్యర్థి ఆ అంకెను ఎలా అర్థం చేసుకుంటాడో రాతపూర్వకంగా వివరించింది. ఆ ఒక్క పని వల్ల చేరిన రోజే ఉద్యోగితో తగాదా పడే పరిస్థితి తప్పింది. ఈ విషయంలో వారికి పూర్తి మార్కులు ఇస్తాను.

వారి నిజాయితీకి ఇంకో నిదర్శనం కూడా రాయాలి. మదనపల్లెకు చెందిన మా సీనియర్ మెకానిక్‌ను యంత్రాల అమరిక కోసం కొంతకాలం జర్మనీ పంపవలసి వచ్చినప్పుడు, అతణ్ణి తమ జాబితాలో చేర్చవద్దని వారే చెప్పారు. భారత్, జర్మనీల మధ్య సామాజిక భద్రతా ఒప్పందం 2017 మే నుంచి అమల్లో ఉంది; మన దేశపు యజమాని కొంతకాలానికి పంపిన ఉద్యోగి ఇక్కడ పీఎఫ్ కడుతూ, పీఎఫ్ నడిపే ప్రభుత్వ సంస్థ ఈపీఎఫ్‌ఓ నుంచి కవరేజీ ధ్రువపత్రం తీసుకుంటే, అక్కడి పెన్షన్ బీమాకు మళ్లీ చందా కట్టనక్కర్లేదు. ఆ చందా ఉద్యోగి, యజమాని వాటాలు కలిపి జీతంలో 18.6 శాతం. ఈ సలహా ఇవ్వడం వల్ల వారు ఒక ఉద్యోగి మీద వచ్చే రుసుమును వదులుకున్నారు.

స్టుట్‌గార్ట్‌లో మాకు ఇద్దరు సర్వీస్ ఇంజనీర్లు ఉన్నారు. ఒకరు జర్మన్, పెళ్లైనవారు. రెండోవారు గుంటూరు నుంచి వెళ్లి అక్కడే ఎం.ఎస్. చదివిన యువకుడు, అవివాహితుడు. ఇద్దరికీ నెలకు 5 వేల యూరోల స్థూల జీతమే అయినా, మొదటి నెల చీటీలు వచ్చేసరికి మన అబ్బాయి చేతికి వచ్చింది మూడు వేల పైచిలుకు. సహోద్యోగికి అంతకంటే కొన్ని వందల యూరోలు ఎక్కువ. మన వాళ్లు కొత్తగా పరిచయమైన మనిషిని కూడా జీతమెంత అని అడుగుతారు, అందులో ఎవరూ తప్పు పట్టరు. జర్మనీలో పక్క బల్ల దగ్గర ఏళ్ల తరబడి కూర్చున్నవారు కూడా ఆ ప్రశ్న వేసుకోరు. అయినా తేడా సంగతి ఎలాగో తెలిసి, తెలుగువాడినని తక్కువ ఇస్తున్నారేమోనన్న అనుమానం ఆ అబ్బాయికి కలిగింది. సేవా సంస్థ సహాయ విభాగం అతనికి పంపిన జవాబు చట్టంలోని సెక్షన్ సంఖ్యలతో నిండి ఉంది. దానితో అనుమానం తీరకపోగా ఇంకా బలపడింది.

చివరికి వారి జీతాల విభాగంలో పనిచేసే ఒక తెలుగు ఉద్యోగిని అతనితో ఫోన్‌లో మాట్లాడారు. “చేతికొచ్చింది పోల్చకండి బాబూ, పైన రాసిన మొత్తం పోల్చండి. అక్కడ పన్నుకు ఆరు తరగతులు ఉంటాయి. పెళ్లికాని మీరు ఒకటో తరగతి. మీ సహోద్యోగి భార్య ఐదో తరగతి తీసుకుంది కాబట్టి ఆయన మూడో తరగతి. ఆయనకు ఇక్కడ తగ్గిన పన్ను ఆవిడ జీతంలో కోతగా పడుతుంది” అని ఆమె చెప్పిన తర్వాత విషయం తేలిపోయింది. ఈ సేవలో నేను చూసిన అత్యుత్తమ క్షణం అదే. ఒప్పందంలో మాత్రం ఇలాంటి సంభాషణకు చోటు లేదు. ఆమె తన మంచితనంతో చేసిన పని అది. దాన్ని సేవలో భాగం చేయాలని రాతపూర్వకంగా కోరాను, జర్మనీ విషయంలో ఇంతవరకు స్పందన లేదు.

అదే చీటీలో ఇంకో వరుస ఉంది. ఆ అబ్బాయి క్రైస్తవుడు. జర్మనీలో ఇల్లు తీసుకున్నాక నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆ ఫారంలో మతం అడిగే గడి ఉంటుంది. అక్కడ తన చర్చి పేరు రాస్తే, ఆదాయపు పన్ను మీద చర్చి పన్ను జీతంలోంచే కోతపడుతుంది. బవేరియా, స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్-వ్యూర్టెంబర్గ్ రాష్ట్రాల్లో అది ఆదాయపు పన్నులో 8 శాతం, మిగిలిన రాష్ట్రాల్లో 9 శాతం. మన అబ్బాయికి అది నెలకు 60 యూరోల పైచిలుకు. “చర్చికి ఇవ్వడానికి నాకేమీ బాధ లేదు మేడమ్, గుంటూరులో మా నాన్న కూడా దశమభాగం ఇస్తారు, చెప్పకుండా కోసినందుకే కష్టంగా ఉంది” అన్నాడు. రెండు గంటల సాంస్కృతిక శిక్షణలో కరచాలనం, సమయపాలన, మాట సూటిగా చెప్పడం గురించి ఎన్నో స్లైడ్లు చూపించారు. ఒక మనిషి విశ్వాసానికీ అతని జీతానికీ నేరుగా సంబంధం ఉన్న ఈ గడి గురించి ఒక్క మాట లేదు. ఆ శిక్షణ మీద నా తీర్పుకు ఇదే ఆధారం.

మతం ఏదో, వైవాహిక స్థితి ఏమిటో చెప్పగల పన్ను తరగతి ఏదో అన్నీ చీటీ మీద ఉంటాయి కనుకనే దాన్ని ఎవరికి పడితే వారికి పంపకూడదు. విదేశీ ఉద్యోగుల చీటీలన్నీ ఒక వాట్సాప్ గ్రూపులో పెట్టమని మా ప్రొడక్షన్ విభాగం అడిగితే, 2018 మే నుంచి అమల్లో ఉన్న యూరోపు సమాచార రక్షణ నియమావళిని చూపించి ఈ సంస్థ నిరాకరించింది. నాకు కూడా ఖర్చు మొత్తాలు మాత్రమే పంపుతుంది. మా వాళ్లు మొదట నొచ్చుకున్నారు. నేను మాత్రం ఆ పట్టుదలను మెచ్చుకున్నాను, ఇక్కడి ఉద్యోగుల చీటీల విషయంలో కూడా అదే పద్ధతి పాటించడం మొదలుపెట్టాము.

సెలవులు, విశ్రాంతి విషయంలో ఈ సేవ మరింత గట్టిగా నిలబడుతుంది. వారానికి ఐదు రోజులు పనిచేసేవారికి జర్మన్ చట్టం కనీసం 20 రోజుల వార్షిక సెలవు ఇస్తుంది. జబ్బు చేస్తే అది వేరు లెక్క: చేరి నాలుగు వారాలు దాటిన ఉద్యోగికి ఆరు వారాల వరకు పూర్తి జీతం యజమానే ఇవ్వాలి. వార్షిక సెలవులో ఉండగా జబ్బు పడి వైద్యుని ధ్రువపత్రం చూపితే ఆ రోజులు సెలవు ఖాతాలోంచి తగ్గవు. సెలవు పెట్టి జ్వరం తెచ్చుకున్నందుకు మళ్లీ సెలవు ఇవ్వడమేమిటని బెంగళూరులో అడిగిన పెద్దలు ఉన్నారు. సెలవు విశ్రాంతి కోసమనీ, జ్వరంతో పడుకోవడం విశ్రాంతి కాదనీ ఆ చట్టం భావన. ఆలోచిస్తే న్యాయంగానే ఉంది.

పనిదినానికీ పనిదినానికీ మధ్య 11 గంటల విరామం ఉండాలన్నది ఇంకో నియమం. ఒకసారి కొనుగోలుదారు దగ్గర యంత్రం మొరాయించి ఇంజనీరు రాత్రి 11 దాకా పనిచేశాడు. మరునాడు మన సమయం ప్రకారం పదకొండున్నరకు, అంటే వేసవిలో అక్కడ ఉదయం ఎనిమిదికి, మా ప్రొడక్షన్ మేనేజరు సమావేశం పెట్టారు. పనిగంటల పట్టికలో ఆ సంగతి కనిపించగానే సేవా సంస్థ హెచ్చరిక పంపింది: పది గంటలకు ముందు ఆ మనిషిని పనికి పిలవకూడదు. ఓటీ (ఓవర్‌టైమ్ డబ్బు) ఇస్తాము కదా అని మా మేనేజరు అన్నారు. ఆ విరామాన్ని డబ్బుతో కొనడానికి వీల్లేదని వారు సమాధానమిచ్చారు. మన పరిశ్రమలో ఓటీ అంటే కార్మికునికి ఆదాయం, యజమానికి వెసులుబాటు. ఒక మనిషి నిద్రకు అసలు ధరే కట్టకూడదన్న ఆలోచన మా వాళ్లకు కొత్తగా తోచింది. ఇది కూడా జీతాల విభాగం నుంచి వచ్చిన పాఠమే.

దీపావళి విషయం చెప్పాలి. ప్రతి ఉద్యోగికీ పండుగకు డబ్బు ఇచ్చే అలవాటున్న మా యజమాని, స్టుట్‌గార్ట్ ఇంజనీర్లకు కూడా అదే ప్రేమతో ఇవ్వాలనుకున్నారు. సేవా సంస్థ న్యాయవాది రెండు విషయాలు చెప్పారు. ఒకటి, నగదు ఇస్తే అది జీతంగానే లెక్కకు వచ్చి పన్ను, బీమా కోతలు పడతాయి. వస్తురూపంలో ఇచ్చే ప్రయోజనాలు అన్నీ కలిపి నెలకు 50 యూరోలు మించకపోతే పన్ను ఉండదు. రెండు, షరతు ఏదీ రాయకుండా వరుసగా మూడేళ్లు ఇస్తే, అక్కడి న్యాయస్థానాలు దాన్ని సంస్థ ఆనవాయితీగా పరిగణిస్తాయి, నాలుగో ఏడు ఉద్యోగి దాన్ని హక్కుగా అడగవచ్చు. ఇది స్వచ్ఛందంగా ఇస్తున్నదని ప్రతిసారీ రాతపూర్వకంగా తెలపమన్నారు. ప్రేమతో ఇచ్చేదానికి షరతుల కాగితమేమిటని మా యజమానికి బాధ కలిగినా, వెండి కుందులు, మిఠాయిలు ఎంచి పంపించారు. ఇచ్చేవారి మనసుకూ తీసుకునేవారి హక్కుకూ భంగం కలగకుండా దారి చూపిన ఆ సలహా విలువైనది.

దుబాయ్ సంగతి కొంత సులువు. అక్కడ వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు, కనుక స్థూల జీతానికీ చేతికొచ్చే జీతానికీ తేడా దాదాపు ఉండదు. అసలు కిటుకంతా మూల వేతనంలో ఉంది. పీఎఫ్ భారం తగ్గించుకోవడానికి బేసిక్ తక్కువ పెట్టి అలవెన్సులు పెంచడం మన దగ్గర చాలా సంస్థల అలవాటు. యూఏఈలో ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ ఆ మూల వేతనం మీదే లెక్కిస్తారు: మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల వేతనం, ఆపైన ఏడాదికి 30 రోజులు. నెలకు 10 వేల దిర్హాముల జీతంలో మూల వేతనం 4 వేలైతే ఐదేళ్లకు గ్రాట్యుటీ 14 వేలు. అదే 6 వేలైతే 21 వేలు. మేము ఎంచుకున్న సేల్స్ ఇంజనీరు కడప జిల్లావారు, గల్ఫ్‌లో చాలాకాలంగా ఉంటున్నవారు. ఆఫర్ అందగానే ఆయన మొత్తం చూడలేదు, బేసిక్ ఎంత అని అడిగారు. గల్ఫ్‌కు మనుషులను పంపిన కుటుంబాలకు తరతరాల అనుభవం నేర్పిన ప్రశ్న అది. సేవా సంస్థ ముందే 6 వేలు సూచించి ఉండడం వల్ల మాకు మర్యాద దక్కింది.

జీతం అక్కడి ప్రభుత్వం నడిపే వేతన రక్షణ వ్యవస్థ ద్వారా బ్యాంకులో పడాలి. ఆలస్యమైతే మంత్రిత్వశాఖకు తెలిసిపోతుంది. మా అమ్మకాల వసూళ్లు ఆలస్యమైన నెలల్లో కూడా దుబాయ్ జీతం ఆగలేదు. రంజాన్ మాసంలో పనిగంటలు రోజుకు రెండు తగ్గుతాయనీ, అది ఉపవాసం ఉన్నవారికే కాక ఉద్యోగులందరికీ వర్తిస్తుందనీ నెల ముందే తెలియజేశారు. శుక్రవారం మధ్యాహ్నం పెట్టే అమ్మకాల సమీక్షను గురువారానికి మార్చుకోమని కూడా వారే సూచించారు.

ఇండోనేషియాలో కూడా ఉద్యోగిని పెట్టుకుంటే ఎంతవుతుందో వారిచ్చిన ఖర్చు అంచనాలో మాత్రం పెద్ద లోపం కనిపించింది. అక్కడ ఉద్యోగి మత పండుగకు కనీసం ఏడు రోజుల ముందు పండుగ భత్యం చెల్లించడం చట్టం. ఏడాది సర్వీసు పూర్తైనవారికి అది ఒక నెల జీతం. అంచనాలో 12 నెలల జీతమే ఉంది. మా సరఫరాదారు ఒకరు హెచ్చరించి ఉండకపోతే, రంజాన్ పండుగ ముందు బడ్జెట్‌లో లేని ఆ డబ్బు వెతుక్కోవలసి వచ్చేది. పీణ్యలో ఆయుధపూజ ముందు బోనస్ చేతికి రాకపోతే షాపు ఫ్లోర్ ఎలా ఉంటుందో తెలిసినవారికి ఆ భత్యం ప్రాముఖ్యం వివరించనక్కర్లేదు. అడిగితే సరిదిద్దారు, అడగకముందే ఉండవలసిన వరుస అది.

ఇక డబ్బు లెక్కలు. రుసుము ఒక్కో ఉద్యోగికి నెలకు స్థిరంగా ఉంటుంది, జీతంలో శాతంగా ఉండదు. ఇది మంచి పద్ధతి. ఒక నెల జీతానికి సమానమైన డిపాజిట్ ముందే తీసుకుంటారు. మారకపు రేటు దగ్గరే నాకు అసంతృప్తి: బిల్లులో వాడే రేటుకూ అదే రోజు మా బ్యాంకు ఇచ్చే రేటుకూ మధ్య తేడా ఉంది, ఆ తేడా ఎక్కడా రుసుముగా చూపలేదు. ఇప్పుడు యూరోల్లోనే బిల్లు వేయించుకుని మా బ్యాంకు ద్వారా పంపుతున్నాము. వారి విదేశీ శాఖ నుంచి వచ్చే బిల్లు సేవల దిగుమతి కిందకు వస్తుంది కనుక, రివర్స్ ఛార్జ్ పద్ధతిలో 18 శాతం ఐజీఎస్‌టీ మనమే కట్టి తర్వాత ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవాలి. చిన్న సంస్థకు ఆ నెల నగదు మీద అది భారమే. ఈ మాట అమ్మకపు సంభాషణల్లో రాలేదు, జయనగర్‌లోని మా ఆడిటరు చెప్పారు.

అంతకంటే పెద్ద విషయం కూడా ఆయనే పట్టుకున్నారు. విదేశంలో ఉన్న మన మనిషి అక్కడ మన తరఫున ఒప్పందాలు కుదురుస్తూ ఉంటే, కాగితం మీద అతను వేరొకరి ఉద్యోగి అయినా, ఆ దేశం మనకు అక్కడ శాశ్వత స్థావరం ఉన్నట్టు భావించి మన లాభం మీద పన్ను అడగవచ్చు. యంత్రాలు బాగుచేసేవారితో ఈ చిక్కు తక్కువ, అమ్మేవారితో ఎక్కువ. సేవా ఒప్పందంలో ఈ బాధ్యత పూర్తిగా కొనుగోలుదారుదేనని చివరి పేజీల్లో ఒక క్లాజు ఉంది. అంత ముఖ్యమైన సంగతి మొదటి సమావేశంలోనే చెప్పాలి.

జర్మనీలో ఇలా వేరొక సంస్థ ద్వారా మనిషిని పెట్టుకోవడానికి కాలపరిమితి కూడా ఉంది. అద్దె కార్మికుల చట్టం ప్రకారం, సాధారణంగా ఒకే ఉద్యోగిని ఒకే సంస్థకు 18 నెలలకు మించి ఇవ్వకూడదు. ఈ విషయం వారు మొదటే స్పష్టంగా చెప్పారు, లైసెన్స్ ప్రతి కూడా చూపించారు. అందుకే మేము స్టుట్‌గార్ట్‌లో సొంత జీఎంబీహెచ్ (మన ప్రైవేట్ లిమిటెడ్ లాంటి) కంపెనీ రిజిస్టర్ చేయిస్తున్నాము. దానికి కనీస మూలధనం 25 వేల యూరోలు, అందులో కనీసం సగం రిజిస్ట్రేషన్‌కు ముందే జమ చేయాలి. ఇక్కడ 2022 విదేశీ పెట్టుబడి నిబంధనల ప్రకారం డబ్బు మన బ్యాంకు ద్వారానే వెళ్లాలి, ఆ తర్వాత ఏటా డిసెంబరు 31లోగా కంపెనీ పనితీరు నివేదిక ఇవ్వాలి.

దుబాయ్ ఒప్పందాన్ని ఇదే సంస్థతో పొడిగించాము. జర్మనీలో సొంత కంపెనీ సిద్ధమైన తర్వాత కూడా జీతాల లెక్క వరకు వీరికే అప్పగించబోతున్నాము. విదేశంలో ఒకరిద్దరు ఉద్యోగులతో మొదలుపెట్టి, అక్కడి మార్కెట్ నిలుస్తుందో లేదో చూడాలనుకునే పీణ్య, బొమ్మసంద్ర లాంటి చోట్ల ఉన్న సంస్థలకు ఈ తరహా సేవను నిస్సంకోచంగా సూచిస్తాను. పది మందికి మించి పెట్టుకునేవారు మొదటి నుంచే సొంత కంపెనీ ఖర్చుతో పోల్చి చూసుకోవడం మంచిది. సంతకం చేసే ముందు ప్రతి ఉద్యోగి పేరు మీద ఒక నమూనా జీతం చీటీ, పండుగ భత్యాలతో సహా పన్నెండు నెలల ఖర్చు పట్టిక, మారకపు రేటు ఎక్కడి నుంచి తీసుకుంటారో చెప్పే వాక్యం ఒప్పందంలోనే రాయించుకోండి. శిక్షణ ప్యాకేజీని తీసేయించి, ఆ డబ్బుకు బదులుగా ఉద్యోగి మొదటి జీతం అందుకునే వారంలో జీతాల విభాగం మనిషి ఒకరు అతనితో అతని భాషలో ఒక గంట మాట్లాడాలని షరతు పెట్టండి. మా కొత్త ఒప్పందంలో దుబాయ్‌కు సంబంధించి ఆ షరతుకు వారు అంగీకరించారు.